కూలెంట్ మూత

నేను ఫోనులో రాసిన నాలుగు ముక్కల వల్ల ఒక మెకానిక్ గ్యారేజీకి బళ్ళు రావడం ఆగిపోయింది. ఆయన తప్పేమీ లేదు. ఆ సంగతి తెలిశాక కూడా దాదాపు రెండు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో, ఆ తర్వాత ఏం చేశానో చెప్పాలంటే ముందు నా కారు ఇంజన్ గురించి చెప్పాలి. నేను ఇంజన్ గురించి ఇంతసేపు మాట్లాడటం మా ఆయనకి ఇప్పటికీ నచ్చదు. నచ్చకపోతే పక్క గదిలో టీవీ ఉంది.

నేను చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇల్లు విజయవాడ భవానీపురంలో, ల్యాబు కైకలూరు దాటాక. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే బయల్దేరి గుడివాడ, ముదినేపల్లి మీదుగా వెళ్ళి, చీకటి పడేలోపు ఇంటికొచ్చేస్తాను. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొస్తారు. వాటిలో ఉప్పెంత, కాఠిన్యమెంత, అమ్మోనియా ఉందా అని చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. రొయ్య పిల్ల వదలాలా, నీళ్ళు మార్చాలా అన్నది ఆ కాగితాన్ని బట్టే వాళ్ళు నిర్ణయించుకుంటారు. ఇరవై ఏళ్ళుగా అదే పని కావడంతో నేను చెప్పిందే రైటన్న పొగరు కొంచెం పట్టింది. ముక్కు మీద కోపం మాత్రం పుట్టుకతోనే ఉంది.

రోజూ అంత దూరం తిరగడానికి పాత డీజిల్ కారు మొరాయిస్తోందని ఐదేళ్ళ కిందట టర్బో పెట్రోలు కారు కొన్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర షోరూంలో సేల్స్ అతను, సండే స్కూలు పిల్లలు వాక్యం అప్పజెప్పినట్టు, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. ఇంజన్ లీటరుకి ఒక చుక్క తక్కువ. మూడు సిలిండర్లు. నూటపదికి పైన హార్స్ పవర్. పద్దెనిమిది వందల ఆర్‌పీఎం దగ్గరే టార్క్ మొత్తం చేతికొస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్, ఇంటర్‌కూలర్, ఆరు గేర్లు. మా ఇంట్లో మిక్సీకి తప్ప ఇంత చిన్న మోటారు ఎక్కడా చూడలేదు, ఇది ఐదుగురిని మోస్తుందా అని అడిగాను. అతను నవ్వి తాళం చేతిలో పెట్టాడు. వారధి మీద ఒకసారి తొక్కి చూశాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఎవరో వెనకనుంచి తోసినట్టు బండి ముందుకు దూకింది. నా వయసుకి తగని సంతోషం కలిగింది, ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టేశాను.

వారంటీ అయ్యేదాకా కంపెనీ వాళ్ళ దగ్గరే సర్వీసు చేయించి, అవగానే ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. మా నాన్న ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో జీపు డ్రైవరు. ఆ జీపు బాగు చేసిన రోజుల నుంచీ ఈయన మాకు తెలుసు. మా ఇంట్లో అందరం భాయ్ అనే పిలుస్తాం. ఇప్పుడు అరవై దాటాయి. కళ్ళజోడుకి ఒక కాడ విరిగితే రాగి తీగ చుట్టుకుని అదే పెట్టుకుంటాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి గ్యారేజీ మూస్తాడు, ఆదివారం మాత్రం తెరిచే ఉంచుతాడు. నేను చర్చి అయ్యాక అటునుంచి అటే వెళ్ళడానికి అది నాకు సౌకర్యం.

ఆయన పనిచేసే పద్ధతి ఒకటుంది, అది ముందే చెప్పాలి. బండి లోపలికి రాగానే బానెట్ ఎత్తడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బండి ముందు నిలబడి మనల్ని అడుగుతాడు. ఎప్పుడొచ్చింది చప్పుడు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ గేరులో, ఏసీ ఉందా లేదా, ఈమధ్య ఏం పోశారు, ఎవరైనా చెయ్యి పెట్టారా. మనం చెప్పిందల్లా ఒక స్కూలు నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంటాడు. అది చదువుకున్నాకే చేతులు ముందుకొస్తాయి. ఇప్పుడు కంప్యూటర్ పెడితే అంతా అదే చెబుతుంది కదా భాయ్ అని ఒకసారి వెక్కిరించాను.

"కంప్యూటర్ బండి సంగతి చెప్పుద్ది మేడం. తోలేవాళ్ళ సంగతి చెప్పదు" అన్నాడు. "సగం రిపేరు మీ నోట్లోనే ఉంటది."

టర్బో అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆయనే. "పొగ బయటికి పోతాపోతా ఒక చిన్న చక్రాన్ని తిప్పుద్ది. దాని ఇరుసుకి అటు కొసన ఇంకో చక్రం. అది బయట గాలిని లాగి ఇంజన్లో కుక్కుద్ది. గాలి ఎక్కువెళ్తే పెట్రోలు ఎక్కువ కాలుద్ది, బలమెక్కువ. అంతే మేడం. కాకపోతే ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతయ్. ఎర్రగా కాలతయ్. వాటిని కాపాడేది ఆయిలూ నీళ్ళే."

నాకు వెంటనే ఏరేటర్లు గుర్తొచ్చాయి. ఎకరం చెరువులో మామూలుగా వదిలే పిల్లకి రెట్టింపు వదిలి, ఏరేటర్లు పెట్టి గాలి కొడితే దిగుబడి రెట్టింపు వస్తుంది. కానీ ఆ చెరువుకి ఓపిక ఉండదు. పల్చగా వదిలిన చెరువైతే కరెంటు పోయినా ఒక పూట తట్టుకుంటుంది, చిక్కగా వదిలిన చెరువులో గంట తిరిగేసరికి రొయ్య తేలిపోతుంది. చిన్న ఇంజన్‌తో పెద్ద పని చేయించుకోవడమంటే అదేనని, అందుకే ఆయిలు, నీళ్ళు, గాలి ఏదీ కొంచెం కూడా తేడా రాకూడదని అర్థమైంది. అర్థమైందని నేను అనుకున్నాను.

ఆయన నాకు ఐదు జాగ్రత్తలు చెప్పాడు. ఆయిలు పూర్తి సింథటిక్‌దే వాడాలి, పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్చాలి. హైవే మీద గట్టిగా తోలి వచ్చి టక్కున ఆపేయకూడదు, ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపాలి, లేకపోతే టర్బోలో ఉన్న ఆయిలు అక్కడే మాడిపోతుంది. మైలేజీ కోసమని తక్కువ స్పీడులో పెద్ద గేరు వేసి తొక్కకూడదు, లోపల పెట్రోలు వేళకాని వేళ అంటుకుని పిస్టన్ని కొడుతుంది. గాలి ఫిల్టరు తరచూ చూపించాలి, ఎందుకంటే ఇబ్రహీంపట్నం వైపునుంచి థర్మల్ ప్లాంటు బూడిద లారీలు మా భవానీపురం మీదుగానే పోతాయి. ఐదోది కూలెంట్, ఇంజన్ని చల్లబరిచే గులాబీ ద్రవం. మూత తీయొద్దు, ఏమీ పోయొద్దు, డబ్బా మీది గీత కిందికి దిగితే నాకు ఫోన్ చేయండి అన్నాడు.

మొదటి నాలుగూ తు.చ. తప్పకుండా పాటించాను. పాటించడమే కాదు, ఐదూ ఊరందరికీ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. మా రైతులకో వాట్సాప్ గ్రూపుంది. రోజూ పొద్దున నేను అందులో చెరువు సలహా పెడతాను: ఇవాళ మబ్బుగా ఉంది, ఏరేటర్లు ఆపకండి, మేత తగ్గించండి, ఇలాంటివి. ఈ నాలుగైదేళ్ళలో వాళ్ళలో చాలామంది కూడా టర్బో పెట్రోలు బళ్ళే కొన్నారు. వాటికొచ్చే జబ్బులన్నీ గ్రూపులోకి వచ్చేవి. ఒకాయన చెరువు గట్టు బురద పోవాలని ప్రెషర్ పైపుతో ఇంజనంతా కడిగించాడు, ఇగ్నిషన్ కాయిల్స్‌లోకి నీళ్ళు దిగి బండికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇంకొకాయన డీజిల్ ట్రాక్టరుకి తెచ్చిన ఆయిలు మిగిలిందని ఇందులో పోశాడు, నెల తిరక్కుండా నీలం పొగ. ఒకరికి ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు ఫ్లైఓవర్ మీద ఊడి, బుస్సుమని బండి నీరుగారిపోయింది. ఒకరికి వాల్వుల మీద మసి పేరుకుని, పొద్దున స్టార్ట్ చేస్తే వణుకు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు వాల్వుల్ని తాకకుండా నేరుగా సిలిండర్లోకి పోతుందనీ, అందుకే వాల్వులు కడిగే దిక్కులేక మసి పడుతుందనీ భాయ్ దగ్గర విన్నది నా సొంత తెలివిలా రాశాను. చివర్లో ప్రతిసారీ ఆయన గ్యారేజీ అడ్రసు పెట్టేదాన్ని. అలా ఆదివారాలు ఆయన గ్యారేజీ ముందు మా చెరువుల బళ్ళు వరసగా నిలబడేవి.

ఇక ఐదో జాగ్రత్త సంగతి. మా నాన్న జీపులో సీటు వెనక ఎప్పుడూ ఐదు లీటర్ల నీళ్ళ క్యాను ఉండేది. ఆ జీపు రేడియేటరు దాహం తీరని మనిషి లాంటిది. లాకుల దగ్గరో, వంతెన దగ్గరో ఆగి, కాలవలో క్యాను ముంచి, ఒక చేత్తో పాత గుడ్డతో మూత తిప్పి నీళ్ళు పోసేవాడు. పక్కన నిలబడి చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఆయన పోయాక జీపు డిపార్ట్‌మెంటుకే పోయింది, క్యాను నాకొచ్చింది. డీజిల్ కారులో పెట్టుకున్నాను, ఈ కారులోకీ మార్చాను. క్యాను లేకుండా బండి బయటికి తీయడం స్టవ్వు మీద పాలు పెట్టి బజారుకెళ్ళినట్టు అనిపించేది. మా వైపు పాతకాలం డ్రైవర్ల ఇళ్ళలో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

నిరుడు వేసవి మొదట్లో ఒకరోజు బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ గీత కంటే వేలెడు కింద ఉంది. వేలెడే కదా అనుకున్నాను. ఫోన్ చేస్తే రమ్మంటాడు, ఒక ఆదివారం పోతుంది. క్యాను తీసి కాసిని పోశాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ కాసిని. అది తప్పని అనిపించకపోగా, నాన్న చేసిన పనే చేస్తున్నానని మనసులో ఒకలాంటి తృప్తి. రేడియేటరన్నాక నీళ్ళు తాగుతుందనేది చిన్నప్పుడే నా ఒంట్లో ఇంకిపోయింది. ఈ ఇంజన్ నీళ్ళు తాగదని, తగ్గిందంటే ఎక్కడో కారుతోందని ఎవరికైనా చెప్పమంటే చక్కగా చెప్పగలను. చేతులు మాత్రం నాన్న చెప్పినట్టే చేశాయి.

అప్పటిదాకా నాన్నలాగే కాలవలో ముంచుకునేదాన్ని, ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు ఆపేశారు. క్యాను ఖాళీ అయింది. ల్యాబు పెరట్లో బోరు కుళాయి ఉంది, సీసాల మట్టి వదిలించడానికి వాడతాం. దాని కింద పెట్టి క్యాను నింపుకున్నాను. కైకలూరు అవతల బోరు నీళ్ళంటే ఎలా ఉంటాయో ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు చాలా తక్కువమంది. నోట్లో పోసుకుంటే ఉమ్మేస్తాం. ఆ కుళాయికి పది అడుగుల దూరంలో, లోపల, డిస్టిల్డ్ వాటర్ డ్రమ్ములు రెండు ఉన్నాయి. వాటి వైపు నా చూపు కూడా పోలేదు. రోజుకి నలభై సీసాల నీళ్ళు వాసన చూసి, రంగు చూసి, లెక్క కట్టే మనిషిని, సొంత బండిలో ఏం పోస్తున్నానో చూసుకోలేదు.

మే నెలలో గుడివాడ దగ్గర డాష్‌బోర్డు మీద ఎర్రగా థర్మామీటరు బొమ్మ వెలిగింది. ఆపి, చల్లారాక నెమ్మదిగా ఇంటికొచ్చి, ఆదివారం గ్యారేజీకి తీసుకెళ్ళాను. భాయ్ చేతులు వెనక్కి కట్టుకుని, అడగాల్సినవన్నీ అడిగాడు. తర్వాత బానెట్ ఎత్తి, కూలెంట్ డబ్బా వైపు వంగి బయటినుంచే చూసి అన్నాడు.

"రంగు తేలిపోయింది మేడం. గులాబీగా ఉండాలి. నీళ్ళేమన్నా పోశారా?"

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. పక్కనే మా గ్రూపు రైతులిద్దరు టీ తాగుతున్నారు. ఏమీ పోయకండి అని వాళ్ళకి పాఠం చెప్పింది నేనే. వాళ్ళ ముందు పోశానని చెప్పడానికి నామోషీ అనిపించి ఉంటుంది. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అబద్ధం ఆడానని నాకే ఓ పట్టాన తోచలేదు. ఆయన "లేదు" అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన లెక్క మారిపోయింది. నీళ్ళు పోయలేదంటే కూలెంట్ తగ్గలేదని అర్థం. తగ్గలేదంటే లీకు లేదు. లీకు లేకుండా వేడెక్కితే, కూలెంట్‌కి దారి తెరిచే థర్మోస్టాట్ ఇరుక్కుని ఉండాలి. విప్పి చూస్తే నిజంగానే ఇరుక్కుంది. కొత్తది వేసి, పాత కూలెంట్ రంగు పోయిందని అంతా దించేసి, కొత్తది నింపి ఇచ్చాడు. ఆ థర్మోస్టాట్‌ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ గూడుకి అడుగున వెంట్రుకంత పగులుంది. ఇలాంటి ఇంజన్లలో వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కడం మామూలేనట. బాగా కాగితేగాని ఆ పగులు తెరుచుకోదు. లీకుందని తెలిస్తే ప్రెషర్ పెట్టి వెతికేవాడు. తెలియలేదు కాబట్టి వెతకలేదు. నేను మళ్ళీ నాలుగు రోజులకోసారి ల్యాబు కుళాయి నీళ్ళు పోయడం మొదలుపెట్టాను.

మూడు వారాలకి, ముదినేపల్లి దాటాక, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మర్నాడు రైతుల మీటింగుకి లెక్కలు సిద్ధం చేయాల్సిన రోజు అది. చెట్టు నీడ కూడా లేని రోడ్డు. ఒళ్ళు మండిపోయింది. అక్కడే నిలబడి, ఆవిరి కక్కుతున్న బండిని ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. "మూడు వారాల కింద రిపేరు చేయించిన బండి ఇది. చేతకాని పని. దయచేసి ఎవరూ ఆ గ్యారేజీకి వెళ్ళకండి." ఆ పక్కనే, అలవాటుగా, అడ్రసు కూడా పెట్టాను. పంపగానే మనసు చల్లబడింది, అది ఒప్పుకోవాలి.

బండిని మాత్రం లారీ మీద వేసి ఆయన దగ్గరికే పంపాను. చేసినవాడే బాగు చేయాలని నా పంతం. రెండు రోజుల తర్వాత వెళ్ళేసరికి ఇంజన్ విప్పి, సిలిండర్ హెడ్డు తీసి బల్ల మీద పెట్టాడు. గ్రూపులో నేను రాసింది ఆయనకి అప్పటికే ఎవరో చూపించారట. దాని గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

"గాస్కెట్ పోయింది. హెడ్డు వంగింది మేడం. సాపు చేయించాలి. టర్బోకి నీళ్ళు పోయే పైపు పూడింది. చూడండి."

ఆయన చూపించిన చోట తెల్లటి పెచ్చు కట్టి ఉంది. ప్లాస్టిక్ గూడు పగులు పొడవునా అదే తెలుపు, అంచులో కొంచెం గులాబీ. ఆ తెలుపు నాకు తెలుసు. బోరు నీళ్ళ చెరువుల మీద ఏరేటర్ల రెక్కలకి పట్టేది అదే. రైతులకి చూపించి, మీ బోరు మార్చండి అని నేనే చెబుతుంటాను. గోటితో ఒక పెచ్చు గీకి, బ్యాగులో ఉన్న శాంపిల్ సీసాలో వేసుకున్నాను. ఆయన చూశాడు. ఎందుకని అడగలేదు.

మర్నాడు ల్యాబులో పెచ్చు మీద రెండు చుక్కలు యాసిడ్ వేశాను. బుసబుస పొంగింది, సున్నమే. కొంచెం నీళ్ళలో కలిపి సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలలా విరిగింది, ఉప్పు. డిక్కీ లోంచి తెచ్చుకున్న క్యానులో నీళ్ళు తీసి కాఠిన్యం లెక్క కట్టాను. బ్యూరెట్‌లో మందు అయిపోయి, మళ్ళీ నింపాల్సి వచ్చింది, అంత కాఠిన్యం. ఏ రైతయినా ఆ నీళ్ళు తెస్తే, ఎక్కడివండీ ఇవి అని కసిరి పంపేదాన్ని. చాలా సిగ్గేసింది.

అయినా చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ రెండు వారాలు గడిపాను. కారణం ఒక్కటే. నా బతుకంతా నీళ్ళ మీద ఇచ్చే మాట. తన కారులో ఉప్పు నీళ్ళు పోసుకుని ఇంజన్ మాడ్చుకున్న మనిషి చెరువు రిపోర్టు ఇస్తే ఎవరు నమ్ముతారు? ఈలోగా రైతులు కనిపించినప్పుడల్లా, మీరు చెప్పారని మానేశామండీ అని నాకేదో ఉపకారం చేసినట్టు చెప్పేవారు. నేను తల ఊపేదాన్ని. మా ఆయనకి చెబితే, "ఆయన తట్టుకుంటాళ్ళే, పాత గ్యారేజీ కదా, నువ్వెందుకు పరువు తీసుకోవడం" అన్నాడు. ఆ మాట వినాలనే చెప్పానేమో, రెండు రోజులు హాయిగానే నిద్రపోయాను.

మూడో ఆదివారం బండి సిద్ధమైందని భాయ్ ఫోన్ చేశాడు. చర్చి అయ్యాక వెళ్ళాను. ఎప్పుడూ మా చెరువుల బళ్ళు నిలబడే చోట ఏమీ లేదు. నేల మీద పాత ఆయిలు మరకలు ఎండి ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని, ఏమీ తోచక నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లో సర్దుతున్నాడు. నలభై ఏళ్ళలో ఆ మనిషిని ఖాళీగా చూడటం అదే మొదటిసారి. బిల్లు కట్టి, తాళం తీసుకుని, బండెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా ల్యాబు రిపోర్టు ఫారం ఒకటి తీశాను. శాంపిల్ ఎక్కడిది అన్న చోట "నా కారు డిక్కీలోని క్యాను, ల్యాబు బోరు నీళ్ళు" అని రాశాను. తెచ్చినవారు అన్న చోట నా పేరు. లెక్కలన్నీ వేసి, కింద రాశాను: "ఈ నీళ్ళు రెండు నెలలపాటు కూలెంట్‌లో నేనే పోశాను. పోశారా అని మెకానిక్ అడిగితే లేదని అబద్ధం చెప్పాను. ఇంజన్ పోయింది నా వల్ల. ఆయన పనిలో తప్పు లేదు." సంతకం పెట్టాను. ఫొటో తీసి గ్రూపులో పెట్టేటప్పుడు వేలు ఆగింది, కానీ ఈసారి కోపం లేదు కాబట్టి ప్రతి ముక్కా మళ్ళీ చదువుకుని పంపాను.

ముందుగా ఒకాయన, "మేడంగారూ, మీ కారులో రొయ్య బతుకుద్దంటారా?" అని రాశాడు. ఇంకొకాయన మేత ఎంత వేయమంటారు అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వు బొమ్మ పెట్టాను. కానీ ఆ వారం నుంచి ఇద్దరు రైతులు సీసాలు తేవడం మానేశారు, భీమవరం ల్యాబుకి పంపిస్తున్నారని తర్వాత తెలిసింది. మిగిలినవాళ్ళు వచ్చారు. నెల తిరిగేసరికి గ్యారేజీ ముందు బళ్ళు మళ్ళీ నిలబడ్డాయి.

గ్రూపులో పెట్టిన మర్నాడే ఆ కాగితం పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఫోనులో చూపిస్తే సరిపోదనిపించింది. ఆయన రాగి తీగ కళ్ళజోడు సర్దుకుని, మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివాడు.

"క్షమించండి భాయ్" అన్నాను.

"నాకు తెలుసు మేడం."

"ఎప్పట్నుంచి? ఇంజన్ విప్పినప్పటి నుంచా?"

"కాదండి. మొదటిసారి తెచ్చారే, ఆరోజే అనుమానమొచ్చింది. జాకీ కోసం డిక్కీ తీస్తే క్యాను కనపడింది. మీ నాన్నగారిదే కదా. సగం ఖాళీగా ఉంది."

నాకు కోపం వచ్చింది. అంత సిగ్గులోనూ వచ్చింది. "మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు? నన్ను అడగొచ్చు కదా!"

"అడిగాను కదా మేడం" అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా. "మీరు లేదన్నారు. క్యాను చేతులు కడుక్కోడానికేమోలే అని సర్దిచెప్పుకున్నా. మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు బండి తెచ్చారు. తప్పు చేస్తే, నేను చేశాను భాయ్, చూడు అని ముందే చెప్పేవాళ్ళు. మీ ఇంటి బండి మీ మాట మీదే చేశాను."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నోటుపుస్తకంలో, నా బండి పేజీలో పెట్టాడు. తర్వాత టీ తెప్పించాడు, తాగాం. పిల్లల సంగతి అడిగాడు, చెప్పాను.

ఇది జరిగి ఏడాది దాటింది. క్యాను ఇప్పుడు డాబా మీద కరివేపాకు మొక్క పక్కన ఉంటోంది. సాపు చేసిన హెడ్డుతో ఇంజన్ బాగానే తిరుగుతోంది, వారధి మీద తొక్కితే అదే ఒక్క క్షణం ఆలస్యం, అదే దూకుడు. సర్వీసుకి ఎప్పుడు వెళ్ళినా భాయ్ పద్ధతిలో మార్పేమీ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని బండి ముందు నిలబడతాడు. అన్నీ అడుగుతాడు, చివర్లో అదీ అడుగుతాడు.

"నీళ్ళేమన్నా పోశారా మేడం?"

"లేదు భాయ్."

"సరే మేడం" అని రాసుకుంటాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, బానెట్ ఎత్తి, మూత తీసి చూస్తాడు.